మన వచనం ఉత్తరాల్లో పుట్టింది

పోయిన సంక్రాంతికి పాల్వంచ వెళ్లినప్పుడు ఇంటికి రంగులు వేయించే పని పెట్టుకున్నాం. అటక ఖాళీ చేస్తుంటే ఓ పాత ట్రంకుపెట్టె బయటపడింది. అందులో చిట్టీల పుస్తకం, నాన్న పే స్లిప్పులు, ఓ ఇనప తీగకి గుచ్చిన ఉత్తరాలు కనిపించాయి. ఇన్‌లాండ్లు, పదిహేను పైసల కార్డులు, కొన్ని రూళ్ల కాయితాలు. మా తమ్ముడు వాటివైపు ఓ చూపు చూసి "పాత కాయితాలోడు రేపొస్తడు, ఏసెయ్యరాదే" అన్నాడు. వాడి తప్పేం లేదు. రంగుల వాళ్లు తొందర పెడుతున్నారు మరి.

2024 ఆగస్టులో మా ఊళ్లో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేశారు. ఆ పొద్దు ఊరు ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడింది. నాకే పది వీడియోలొచ్చాయి. టవర్లు పోతే కన్నీళ్లు పెట్టుకున్న వాళ్లున్నారు, పెట్టుకోవాల్సిందే, మా చిన్నతనమంతా వాటి నీడలోనే గడిచింది. కానీ ప్రతి ఇంటి అటక మీదా అంతకంటే పాతది ఇంకోటి కూలుతోంది. దానికి వీడియోలు తీసేవాళ్లు లేరు. ఈ టపా దాని గురించి.

ముందు నా పాపం చెప్పుకుని అసలు విషయానికొస్తాను.

1991లో ఇంటర్మీడియెట్‌కని నన్ను విజయవాడలో ఓ కాలేజీ హాస్టల్లో వేశారు. ఖమ్మం జిల్లా పిల్లల్లో చాలామందికి ఇదే రాత లెండి. అక్కడ మొదటి నెలలోనే తెలుగు లెక్చరరు గారు నా వ్యాసం క్లాసులో పైకి చదివారు. బాగుందని కాదు. నేను రాసిన "వచ్చిన్రు", "ఉన్నయి" చదివి అందరినీ నవ్వించడానికి. ఎర్రసిరాతో సున్నాలు చుట్టి కాయితం నా చేతికిచ్చారు. పదహారేళ్ల కుర్రాడికి అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ వారమే అమ్మ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ వచ్చింది. దాదాపు ఇలా ఉంటుంది:

"బాబు మంచిగున్నవా ఈడ మేమంత మంచిగనె ఉన్నం నువు పోయిన కాన్నుంచి చిన్నోడు నీ మంచంల పండుకుంటాండు లెవ్వమంటె లెవ్వడు బర్రె ఈనింది పెయ్యదూడ జున్ను చేసిన నువు లేకపోతివి నాకు గొంతు దిగలె"

ఫుల్‌స్టాపుల్లేవు, కామాల్లేవు. మా అమ్మ ములకలపల్లిలో అయిదో క్లాసు దాకా చదివింది. మాట్లాడినట్టే రాసింది. నేనేం చేశానంటే, ఎర్ర రీఫిలు తీసుకుని "మంచంల"ని "మంచములో" చేశాను. "పండుకుంటాండు"ని "పడుకొనుచున్నాడు" చేశాను. "దిగలె" చుట్టూ సున్నా చుట్టాను. మొత్తం పంతొమ్మిది సున్నాలు. "ఇట్ల రాస్తే నవ్వుతరు" అని కింద రాసి (ఆ వాక్యం కూడా నా భాషలోనే రాశానన్న స్పృహ లేకుండా!) కవర్లో పెట్టి తిరిగి పంపేశాను.

మూణ్ణెల్లు అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నాన్న కార్డులు మాత్రం వచ్చేవి. తర్వాత వచ్చిన అమ్మ ఉత్తరం వేరే చేతిరాతలో ఉంది. పక్క క్వార్టరులో టెన్త్ చదివే అమ్మాయి చేత రాయించిందట. "చిరంజీవి బాబుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట మేమందరము క్షేమము. నీవును క్షేమమని తలంచుచున్నాము. బాగుగా చదువుకొనవలెను." ఒక్క తప్పు లేదు. బర్రె లేదు, జున్ను లేదు, తమ్ముడు లేడు. అమ్మ కూడా లేదు. ఆ రెండేళ్లూ అవే ఉత్తరాలు. నేను మాత్రం తప్పుల్లేవని సంతోషించాను!

మొన్న ట్రంకుపెట్టెలో ఆ పంతొమ్మిది సున్నాల ఇన్‌లాండ్ దొరికింది. అమ్మ పారెయ్యలేదు.

ఇక అసలు విషయం. మనకి బళ్లో తెలుగు వచనం చరిత్ర చెప్పేటప్పుడు నన్నయ గద్యం నుంచి మొదలుపెట్టి చిన్నయసూరి మీదుగా వీరేశలింగం గారి దగ్గర తేలుస్తారు. మధ్యలో ఉత్తరం అనే మాట ఎక్కడా రాదు. నా వాదన ఏమిటంటే, ఇవ్వాళ మనం రాస్తున్న మామూలు తెలుగు వచనం, పేపర్లో, కథలో, ఆఖరికి ఈ టపాలో కనబడేది, పండితుల పుస్తకాల్లో పుట్టలేదు. ఉత్తరాల్లో, అర్జీల్లో, లెక్కల కాయితాల్లో పుట్టింది. అవసరం పడి ఒక మనిషి ఇంకో మనిషికి రాసుకున్న చోట పుట్టింది.

మా పరగణా నుంచే మొదలుపెడతా (ఊరి అభిమానం అనుకోండి). కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకి తహసీలుదారు. గుడి కట్టించి, ఖజానా డబ్బు లెక్క తేలక గోల్కొండ జైల్లో పడ్డాడని అందరికీ తెలిసిన కథే. ఆయన కీర్తనల్ని పాటలుగా కాకుండా ఓసారి కాయితాలుగా చదవండి. ముందు దొరవారికి సంబోధన. తర్వాత ఏ నగకి ఎంత ఖర్చయిందో పద్దుల వారీగా లెక్క. తర్వాత నిష్ఠూరం. పని కాకపోతే అమ్మవారి ద్వారా సిఫార్సు. చివర పేరుతో ముద్ర. రెవెన్యూ ఉద్యోగి రాసే అర్జీ నడక కాదూ ఇది? అది వచనం కాదు, పాట, ఒప్పుకుంటాను. కానీ ఆ వాక్యం మాత్రం నోటి వాక్యం. ఎదురుగా ఒకరున్నారనుకుని, వాళ్ల చేత పని చేయించుకోవాలనుకుని రాసిన వాక్యం.

అసలు వచనం రాసింది కరణాలు. 1800 ప్రాంతాల్లో కల్నల్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో ఊరూరా సేకరింపజేసిన కైఫియతులు చూస్తే తెలుస్తుంది. ఊరు ఎప్పుడు పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరి చేతికి ఎలా వచ్చింది, అంతా వచనమే. అందులో పార్సీ మాటలుంటాయి, మరాఠీ మాటలుంటాయి, ఆ ఊరి యాస ఉంటుంది. పండితుడికి అది గ్రామ్యం. కరణానికి మాత్రం సంగతి చేరితే చాలు.

ఆ వచనం పుస్తకమంత పెద్దదైతే ఎలా ఉంటుందో ఏనుగుల వీరాస్వామయ్య గారు చూపించారు. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట వంద మందికి పైగా పరివారం! దారి పొడుగునా మజిలీ మజిలీకీ సంగతులన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి రాసి పంపారు. అవన్నీ కలిపి పిళ్లె గారు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. అప్పటికి వీరాస్వామయ్య గారు పోయి రెండేళ్లయింది. మన భాషలో మొదటి యాత్రా గ్రంథం అని అందరూ చెప్పుకునే పుస్తకం అన్నమాట. ఇంతకీ అది ఏమిటి? ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాలు. ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం, నీళ్లు బావున్నాయా, బజార్లో ఏం దొరుకుతాయి, దారిలో దొంగల భయం ఉందా... స్నేహితుడికి పనికొచ్చే సంగతులు. ఆయన వచన రచన చేస్తున్నానని అనుకుని కూర్చుంటే ఆ పుస్తకం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఇక 1852, 1853. ఈ రెండేళ్లు గుర్తుపెట్టుకోండి. 1852లో సి.పి. బ్రౌన్ మద్రాసులో 'తెలుగు రీడర్' అని ఓ పుస్తకం వేశాడు. కొత్తగా వచ్చిన దొరలకి తెలుగు నేర్పే వాచకం. పద్యాలు కాదు, నీతికథలు కాదు. అందులో ఉన్నవి ఉత్తరాలు! ఇంటి సంగతుల ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాయితాలు. జనం భాషని నేర్చుకోవాలంటే జనం రాసుకునే ఉత్తరాలు చదవాలన్నది ఆయన లెక్క. సరిగ్గా మరుసటి ఏడాది, 1853లో, అదే మద్రాసులో చిన్నయసూరి గారి 'నీతిచంద్రిక' వచ్చింది. అద్భుతమైన వచనం, కాదన్నవాడు చెవిటివాడు. కానీ అది పనిగట్టుకుని చెక్కిన వచనం. ఆ భాషలో ఏ తల్లీ బిడ్డతో మాట్లాడలేదు, ఏ రైతూ కరణంతో పోట్లాడలేదు.

మరి బళ్లోకి ఏది వెళ్లింది? నీతిచంద్రిక. బ్రౌన్ ఉత్తరాలు దొరల వాచకంగానే ఉండిపోయాయి. తెలుగు పిల్లలకి తెలుగు వచనమంటే ఎవరూ మాట్లాడని భాష అని ఖాయమైపోయింది. మా లెక్చరరు గారి ఎర్రసిరా ఆ రోజు మొదలైందనుకుంటాను. ఆయన్ని అని లాభం లేదు, ఆయనకీ ఎవరో సున్నాలు చుట్టే ఉంటారు.

గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఎర్రసిరా మీదే కదా. ఆయన వాదన "ఎలాపడితే అలా రాయండి" అని కాదు. మనవాళ్లు ఎప్పట్నుంచో వచనంలో వాడుక మాటే రాస్తున్నారు, కావాలంటే చూడండి అని. పాత గ్రంథాల్లోంచి ఉదాహరణలు ఏరి ఏరి 1933లో 'గద్యచింతామణి' వేశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అభిప్రాయం చెప్పకుండా డేటా ముందు పెట్టారు :-) గ్రాంథికం కోసం సభలు పెట్టే పెద్దలైనా ఇంటికి ఉత్తరం రాస్తే గ్రాంథికంలో రాస్తారా? ఈ ప్రశ్నకి అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

ఇక్కడో చమత్కారం ఉంది. వాడుక భాష కోసం 1914లో అసమ్మతి పత్రం రాసిన గురజాడ అప్పారావు గారి డైరీలు, ఉత్తరాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. చదువుకున్న తెలుగు మగవాడు సొంత సంగతులు ఇంగ్లీషులో రాసుకోవడం అప్పుడే మొదలైంది. నేనూ మా తమ్ముడూ ఇరవై ఏళ్లుగా ఒకరికొకరు ఇంగ్లీషులోనే మెయిళ్లు రాసుకుంటున్నాం. పొలం పంపకాల గొడవ కూడా "రిగార్డ్స్" అనే ముగించాం!

ఇంగ్లీషు అంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్ల వచనం కూడా ఇలాగే పెరిగింది, కాకపోతే వాళ్లు దాచుకున్నారు. పదిహేనో శతాబ్దంలో నార్ఫోక్‌లో పాస్టన్ అనే కుటుంబం ఉండేది. మొగుడు కోర్టుల చుట్టూ తిరుగుతూ లండన్‌లో ఉంటే, భార్య మార్గరెట్ ఊళ్లో ఆస్తి కాపాడుకుంటూ గుమాస్తాల చేత ఉత్తరాలు రాయించేది. పొలం తగాదాలు, సరుకుల పట్టీ, పిల్లల పెళ్లిళ్లు. మన ఇళ్లలో గొడవలే. రెండొందల ఏళ్ల తర్వాత, 1652-54లో డొరోతి ఆస్బర్న్ తను మనసిచ్చిన విలియం టెంపుల్‌కి ఉత్తరాలు రాసింది. ఉత్తరమంటే మాట్లాడినట్టే ఉండాలి గానీ ఉపన్యాసంలా ఉండకూడదన్నది ఆవిడ మతం. ఆ ఉత్తరాలు ఇప్పుడు ఇంగ్లీషు సాహిత్యంలో భాగం.

అసలు కిటుకు ఇంకోటుంది. 1993లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు ఆ కాలపు ఇంగ్లీషు ఉత్తరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. దాదాపు ఆరు వేల ఉత్తరాలు, 27 లక్షల మాటలు. తప్పొప్పులు దిద్దకుండా! అందులో వెదికితే తేలిందేమిటయ్యా అంటే, ఇంగ్లీషులో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావాటికి ఆడవాళ్ల ఉత్తరాలే ముందున్నాయి. 'కమెత్' పోయి 'కమ్స్' రావడం, 'యీ' పోయి 'యూ' రావడం, ఇవన్నీ మగవాళ్ల కంటే ఆడవాళ్ల ఉత్తరాల్లో ముందు ఊపందుకున్నాయి. అప్పటికి వాళ్లలో చాలామందికి బడి చదువు లేదు, లాటిన్ వ్యాకరణం అసలే లేదు. ఇవ్వాళ మనం కాన్వెంట్లలో ఫీజులు కట్టి నేర్చుకుంటున్న ఇంగ్లీషు, ఒకప్పుడు బడికి వెళ్లని ఆడవాళ్లు తమకి తోచినట్టు రాసుకున్నదే.

ఇది చదివినప్పుడు నాకు పంతొమ్మిది సున్నాలు గుర్తొచ్చాయి.

మరి రేపు తెలుగులో ఎవరైనా ఇలాంటి పని చేద్దామంటే ఏం దొరుకుతుంది? కవుల లేఖలు దొరుకుతాయి. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 'గృహలక్ష్మి' పత్రికలో స్నేహితురాలికి రాసినట్టు రాసిన 'శారద లేఖలు' దొరుకుతాయి. అవి గొప్పవే, కానీ అచ్చు కోసం రాసినవి. మామూలు ఇళ్లలో మామూలు ఆడవాళ్లు రాసిన ఉత్తరాలు ఏవి? అందులోనూ మా వైపువి? మా ప్రాంతం సంగతి కాస్త వేరు. గోదావరికి అవతల భద్రాచలం 1860 నుంచి ఇంగ్లీషువాళ్ల కింద, ఇవతల పాల్వంచ నిజాం కింద. 1948 దాకా ఇక్కడ కచేరీ కాయితం ఉర్దూలో నడిచింది. తెలుగు వచనానికి ఆఫీసులో చోటు లేదు, బళ్లో చోటు తక్కువ. ఇక మిగిలింది ఇల్లు. అందుకే మా ఇళ్లలో ఉన్న ఒక్కో పాత ఉత్తరం కోస్తాలో పది ఉత్తరాల పెట్టు.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. ఒకటి, ఆ కాలంలో ఆడవాళ్లలో ఎంతమందికి రాయడం వచ్చని. నిజమే, కొద్దిమందికే. మా చుట్టూ ఉన్న కోయ గూడేల్లో పోస్టుమాన్ ఉత్తరం తేవడమే అరుదు, తెస్తే ఆయనే చదివి పెట్టాలి. ఉన్నవి తక్కువ కాబట్టే ఉన్నవాటి విలువ ఎక్కువంటాను. రెండు, ఉత్తరాల్లో సొంత మాట ఎక్కడుంది, అన్నీ "ఉభయకుశలోపరి" మూసే కదా అని. మా నాన్న ఉత్తరాలు చూస్తే మీరన్నది నిజమే అనిపిస్తుంది. సంబోధన ఒక మూస, ముగింపు ఒక మూస. కానీ కార్డు నిండిపోయాక అంచు వెంబడి అడ్డంగా ఇరికించి రాసిన వాక్యం ఉంటుంది చూడండి, అక్కడ మూస ఉండదు. "మీ అమ్మకి వొంట్లో బాలేదు, నువ్వు గాబరా పడకు." మా నాన్న వచనం అంతా ఆ అంచుల్లోనే ఉంది. మూడు, అవి ఇంటి గుట్టు కదా అని. దీనికి మాత్రం తలొగ్గుతాను. అందరివీ బయట పెట్టమనడం లేదు, తగలబెట్టొద్దు అంటున్నానంతే. పేర్లు తీసేసి పెట్టుకోవచ్చు, యాభై ఏళ్లు ఆగి పెట్టుకోవచ్చు.

నాలుగోది పిల్లలడిగేది. ఇప్పుడు అందరూ వాట్సాప్‌లో మాట్లాడినట్టే రాస్తున్నారు, 2014లో తెలంగాణ వచ్చాక సినిమాల్లోనూ ఈ భాషే, 'బలగం' చూసి జనం ఏడ్చారు, ఇంకేం బాధ అని. సంతోషమే. 1991లో నన్ను చూసి నవ్విన మాటలకి ఇప్పుడు టిక్కెట్లు తెగుతున్నాయి. కానీ వాట్సాప్‌లో సగం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, మిగతా సగం పాత ఫోనుతో పాటే పోతుంది. సినిమా భాషేమో ఎవరో కూర్చుని రాసిన భాష. ఎవరూ చూడట్లేదనుకుని ఒక తల్లి రాసిన "గొంతు దిగలె" వేరు.

ప్రస్తుతానికి నేను చేస్తున్న పని చెప్పి ఆపేస్తాను. ఆ తీగ మీద మొత్తం నూట నలభై చిల్లర ఉత్తరాలున్నాయి. అన్నీ ఫొటోలు తీసుకున్నాను. రోజుకి రెండు చొప్పున యూనికోడులో కొడుతున్నాను. కొడుతుంటే "మంచంల" కిందా, "లెవ్వడు" కిందా కంప్యూటరు ఎర్రగీత గీస్తోంది. ముప్పై ఏళ్లయినా ఆ రంగు మారలేదు. మొదటిరోజే ఆ సెట్టింగు తీసేశాను.

మొన్న ఫోన్లో అమ్మకి చెప్పాను, నీ ఉత్తరాలు ఎక్కిస్తున్నానని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తప్పులు దిద్దుతున్నవా?" అంది. లేదమ్మా, ఉన్నది ఉన్నట్టే అన్నాను. "గదేందిరా, గన్ని తప్పులుండె గద" అంది.

దీనికి ఏం చెప్పాలో తెలియక బర్రె సంగతి అడిగాను. ఆ ఈనిన బర్రె ఏమైందని. అరగంట చెప్పింది. ఈసారి వెళ్లినప్పుడు కాయితం, పెన్ను ఇచ్చి రాయమంటాను. రాస్తుందో లేదో మరి.

మీ ఇంట్లో అటక మీద ఏముందో ఓసారి చూడండి. పాత కాయితాల వాడు రేపే రావచ్చు.